ఎలపట, దాపట: గడియారం ఏ చేతికి? పైట ఏ భుజానికి?

సంచికకు ఒక వ్యాసం పంపమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, పెద్ద విషయం రాయాలా, చిన్న విషయం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. పెద్ద విషయాలు రాసేవారికి మన కళాశాలలో ఏనాడూ కొదువ లేదు. కనుక నేను చిన్న విషయమే ఎంచుకున్నాను. మనం గడియారం ఏ చేతికి పెట్టుకుంటాం? చొక్కా ఏ అంచు పైకి వచ్చేట్టు గుండీలు పెడతాం? కండువా, పైట ఏ భుజం మీద వేస్తాం? అట్లా ఎందుకు చేస్తాం?

నవ్వు వచ్చే ప్రశ్నలే. నాకూ వచ్చింది. కాని ఈ ప్రశ్నలు నన్ను నలభై ఏండ్లుగా వదలలేదు. వదలకపోవడానికి కారణం నేను చేసిన ఒక తప్పు. దాని సంగతి తరువాత మనవి చేస్తాను. ముందు గడియారం సంగతి చూద్దాం.

గడియారం కథ

మాది గంగారం. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రం. నేను ఇక్కడ చదువుకునే రోజుల్లో వరంగల్ జిల్లాలో ఒక అడవి పల్లె. కొత్తగూడ, నర్సంపేట మీదుగా బస్సు పట్టుకొని హన్మకొండ చేరేసరికి సగం రోజు గడిచేది. 1981లో డిగ్రీలో చేరినప్పుడు మా అన్న తన చేతి గడియారం విప్పి నాకిచ్చాడు. హెచ్.ఎం.టి. జనతా. రోజూ ఒకసారి కీ ఇస్తే నడిచేది. నేను దాన్ని కుడి చేతికి పెట్టుకున్నాను. ఎందుకంటే నాది ఎడమచేతి వాటం.

మొదటి రోజే ఒక మిత్రుడు అడిగాడు: "ఏందిరా, ఆడపిల్లలెక్క కుడిచేతికి పెట్టినవ్?" నేను ఊరుకోలేదు. "రాసే చేతికి గడియారం అడ్డం వస్తది. నువ్వు కుడిచేత్తో రాస్తవు గనుక ఎడమకు పెట్టినవ్. నేను ఎడమతో రాస్త గనుక కుడికి పెట్టిన. ఇద్దరిదీ ఒకటే సూత్రం" అన్నాను. ఆ జవాబు నాకే చాలా గొప్పగా తోచింది. తరువాత ఎవరడిగినా అదే చెప్పేవాణ్ణి.

ఆ జవాబులో సగమే నిజం. మిగతా సగం గడియారం నిర్మాణంలోనే ఉన్నది. చేతి గడియారానికి కీ ఇచ్చే బుడిపె మూడు అంకె పక్కన ఉంటుంది. ఎడమ చేతికి పెట్టుకుంటే ఆ బుడిపె వేళ్ళ వైపుకు వస్తుంది. కుడి చేత్తో సులువుగా తిప్పవచ్చు. అదే కుడి చేతికి పెట్టుకుంటే బుడిపె మోచేతి వైపుకు పోతుంది. కీ ఇవ్వాలంటే గడియారం విప్పవలసిందే. రోజూ ఉదయం నేను అట్లాగే విప్పి కీ ఇచ్చుకునేవాణ్ణి. అంటే, కుడిచేతి వాటంవాళ్ళు ఎక్కువమంది గనుక, గడియారం చేసినవాళ్ళు వాళ్ళను మనసులో పెట్టుకొని బుడిపెను అక్కడ అమర్చారు. ఎడమచేతి వాటంవాళ్ళు ప్రపంచంలో సుమారు పదిమందికి ఒకరు. ఆ ఒక్కరి కోసం బుడిపెను ఎడమ పక్కన పెట్టిన గడియారాలు కూడా కొన్ని వచ్చాయి గాని, అవి అరుదు.

ఇంకొక వింత. మా మిత్రుడు "ఆడపిల్లలెక్క" అన్నాడు గదా. పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో చేతికి గడియారం కట్టుకోవడమే ఆడవాళ్ళ అలంకారం. మగవాళ్ళు గొలుసు గడియారాన్ని జేబులో పెట్టుకునేవారు. మన గాంధీజీ కూడా గడియారాన్ని నడుముకే వేలాడదీసుకునేవారు. మగవాళ్ళ మణికట్టు మీదికి గడియారాన్ని గట్టిగా ఎక్కించింది 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధం. ఒక చేత ఆయుధం, ఇంకో చేత కాగితం పట్టుకున్న సైనికుడు జేబులో వెతుక్కుంటూ కూర్చోలేడు. అవసరం వచ్చేసరికి "ఆడవాళ్ళ వస్తువు" మగతనానికి గుర్తయి కూర్చున్నది!

తరువాత ఏమైంది? 1969 డిసెంబరులో జపాను సీకో సంస్థ క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి తెచ్చింది. దానికి కీ ఇచ్చే పనే లేదు. క్రమంగా ప్రపంచమంతా ఆ గడియారాలే వచ్చాయి. మన దేశంలో 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో గడియారాల తయారీ మొదలుపెట్టిన హెచ్.ఎం.టి. వారి గడియారాల సంస్థ 2016లో మూతపడింది. కీ పోయింది. కీ ఇచ్చే అవసరం పోయింది. ఎడమ మణికట్టు మాత్రం పోలేదు. ఇప్పటి స్మార్ట్ వాచీ అయితే "ఏ చేతికి పెట్టుకుంటారు?" అని మనల్నే అడుగుతున్నది. అయినా మనలో ఎక్కువమంది అడగకముందే ఎడమ చెయ్యి చాపుతున్నాం.

ఇక్కడ మొదటి పాఠం. ఆచారానికి కారణం పని. పని పోయినా ఆచారం నిలుస్తుంది.

గుండీలు, కాజాలు

ఇప్పుడు చొక్కా చూడండి. మగవాళ్ళ చొక్కాకు గుండీలు కుడి అంచుకు, కాజాలు ఎడమ అంచుకు ఉంటాయి. ఎడమ అంచు పైకి వస్తుంది. ఆడవాళ్ళ చొక్కాకు సరిగ్గా దీనికి తిరకాసు. దర్జీని ఎందుకని అడిగితే "గదంతే సార్, గట్లనే కుట్టాలె" అంటాడు. అతని గురువు అతనికట్లా నేర్పాడు, అతడు తన శిష్యులకు అట్లా నేర్పుతున్నాడు.

ఈ తేడాకు పడమటి దేశాలవారు చాలా కారణాలు చెప్పుతారు. మగవాడు ఎడమ పక్కన వేలాడే కత్తిని కుడి చేత్తో దూసేటప్పుడు అంచుకు తగలకూడదని అట్లా కుట్టారట. ధనవంతుల ఇండ్ల స్త్రీలకు దాసీలు ఎదురుగా నిలబడి గుండీలు పెట్టేవారు గనుక వారి కుడిచేతికి అనువుగా తిప్పి కుట్టారట. తల్లి బిడ్డను ఎడమ చేత ఎత్తుకొని కుడి చేత్తో గుండీ విప్పవలసి ఉంటుంది గనుక అట్లా కుట్టారట. నెపోలియన్ ఆజ్ఞాపించాడనే కథ కూడా ఉన్నది. వీటిలో ఏదీ రుజువైనది కాదు. అయితే బిడ్డ సంగతిలో ఒక్క మాట. 1960లో లీ సాక్ అనే అమెరికను పరిశోధకుడు తల్లులను గమనించి, కుడిచేతి వాటం తల్లుల్లో నూటికి 83 మంది, ఎడమచేతి వాటం తల్లుల్లో కూడా 78 మంది బిడ్డను ఎడమ వైపే ఎత్తుకుంటున్నారని తేల్చాడు. మన పల్లెల్లో చంకన బిడ్డతో పొయ్యి ఊదే తల్లిని చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. గుండీలకు అదే కారణమని మాత్రం దీనివల్ల రుజువు కాదు.

మన మాటల్లో కుడి ఎడమలు

మనకు కత్తి లేదు, దాసీలు లేరు. కాని నాగలి ఉన్నది. నాగలికి కట్టిన జోడులో కుడి పక్క ఎద్దు ఎలపట, ఎడమ పక్క ఎద్దు దాపట. గ్రంథాల్లో వలపల, దాపల అని ఉంటుంది. వలకేలంటే కుడిచెయ్యి, డాకేలంటే ఎడమచెయ్యి. ఏండ్ల తరబడి దాపట నడిచిన ఎద్దును తెచ్చి ఎలపట కట్టి చూడండి, సాలు వంకర పోతుంది. ఎద్దుకు బలం తగ్గిందా? లేదు. తెలివి తగ్గిందా? లేదు. దాని ఒంటికి ఆ పక్క అలవాటైంది, అంతే. ఈ ఎద్దును దయచేసి గుర్తుంచుకోండి. మళ్ళీ దీని అవసరం వస్తుంది.

మాటల విషయంలో ఇంకొక తమాషా చూడండి. పని "సవ్యంగా" జరిగిందంటే మంచిగా జరిగిందని అర్థం. కాని సంస్కృతంలో "సవ్య" శబ్దానికి ముఖ్యమైన అర్థం ఎడమ! ఎడమచేత్తో కూడా బాణం వేయగలడు గనుకనే అర్జునుడు సవ్యసాచి అయినాడు. మరి ఎడమ "మంచిది" ఎట్లా అయింది? జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం. దేవకార్యాలన్నిటికీ అట్లాగే ఉండాలి. పితృకార్యాల్లో దాన్ని కుడి భుజం మీదికి మారుస్తారు, అది అపసవ్యం, ప్రాచీనావీతి. దండవలె మెడలో వేసుకుంటే నివీతి. రోజువారీ పద్ధతి సవ్యం గనుక అదే "సరైనది" అనే అర్థానికి వచ్చిందని నా అభిప్రాయం. చిన్నప్పుడు బళ్ళో ఎడమచేత్తో బలపం పట్టినందుకు నా వేళ్ళ మీద బెత్తం దెబ్బలు పడ్డాయి. కొట్టిన ఆ పంతులుగారు కూడా "సవ్యంగా రాయరా" అనే అనేవారు!

పెండ్లి పందిట్లో చూడండి. కంకణం పెండ్లికొడుకుకు కుడి చేతికి, పెండ్లికూతురుకు ఎడమ చేతికి కడతారు. అదే పెండ్లికొడుకు ఎడమ చేతికి మామగారు పెట్టిన గడియారం మెరుస్తుంటుంది. ఒకే మనిషి రెండు మణికట్లు, రెండు కాలాల ఆచారాలు. రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకోవు.

పక్కలో ఏమున్నది?

ఇంతవరకు చెప్పినవాటిలో పని ఉన్నది, అలవాటు ఉన్నది. ఇక చెప్పబోయేది వీటికంటే గడుసైనది. పక్క అనేది "నీవెవరు?" అనే ప్రశ్నకు జవాబుగా మారడం.

మొగలుల కాలంలో జామా అనే పొడుగు అంగీ ఉండేది. దాని అంచును చంక కింద నాడాలతో ముడివేసేవారు. ముస్లిములు కుడి పక్కన, హిందువులు ఎడమ పక్కన ముడివేయడం నాటి మర్యాద. ఆ కాలపు చిత్రాల్లో పేరు లేని మనిషి కనిపిస్తే, ముడి ఏ పక్కన ఉన్నదో చూసి అతని మతాన్ని గుర్తుపట్టడానికి కళాచరిత్రకారులు ప్రయత్నిస్తారు. ఇప్పుడు కేరళకు రండి. అక్కడ ముండు కట్టేటప్పుడు హిందువులు అంచును కుడి పక్కకు, ముస్లిములు ఎడమ పక్కకు దోపడం వాడుక.

గమనించారా? ఉత్తరాన కుడి ముస్లిములది. దక్షిణాన కుడి హిందువులది! కుడిలోనో ఎడమలోనో నిజంగా మతం ఉంటే ఇట్లా తారుమారు అయ్యేది కాదు. పక్కలో ఏమీ లేదు. కావలసిందల్లా తేడా. వాళ్ళు అటు కడితే మనం ఇటు కట్టాలి, అంతే.

చైనా వారిది ఇదే కథ. వారికి ఎడమ అంచు పైకి వచ్చి, ముడి కుడి పక్కన ఉండాలి. దానికి విరుద్ధంగా కట్టేవారు అనాగరికులని వారి నమ్మకం. కన్ఫ్యూషియస్ అంతటివాడు కూడా, ఫలానా మంత్రి దేశాన్ని కాపాడకపోయి ఉంటే మనమంతా జుట్టు విరబోసుకొని అంగీ ఎడమకు కట్టేవాళ్ళమని అన్నట్టు ఆయన శిష్యులు రాసిపెట్టారు. జపానులో 719లో ప్రభుత్వమే శాసనం చేసి, అందరూ చైనా పద్ధతినే అనుసరించాలన్నది. ఇప్పటికీ అక్కడ కిమోనోకు ఎడమ అంచే పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేట్టు కట్టేది శవానికి మాత్రమే. రాజకీయాల్లో వామపక్షం, దక్షిణపక్షం అని మన విద్యార్థి నాయకులు గొంతు చించుకుంటారే, అది కూడా 1789లో ఫ్రెంచి సభలో ఎవరు ఏ వైపు కూర్చున్నారన్న దాని నుంచి పుట్టినదే. కూర్చున్న చోటు సిద్ధాంతానికి పేరైంది.

దీనికి విరుగుడు కూడా మన హైదరాబాదులోనే ఉన్నది. షేర్వాణీ. దానికి గుండీలు ముందు నడిమధ్యన ఉంటాయి. నిజాం రాజ్యంలో ముస్లిము ఉద్యోగులూ తొడిగారు, హిందూ వకీళ్ళూ తొడిగారు. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు. జామా ముడిలో ఉన్న వేరు షేర్వాణీ గుండీల్లో కలిసిపోయింది. ఎవరూ శాసనం చేయలేదు.

మా అవ్వ పైట

ఇక నా తప్పు సంగతి.

మావైపు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ గోసి పెట్టి చీర కట్టేది. పైట కుడి భుజం మీద వేసేది. మా పల్లెల్లో కొన్ని ఇండ్లలో పెద్దవాళ్ళది అదే కట్టు, దాన్ని కుడిపైట అంటారు. కొడగు స్త్రీలది కూడా కుడి భుజమే, గుజరాతు స్త్రీలది కూడా కుడి భుజమే. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, హన్మకొండలో ఆడవాళ్ళంతా ఎడమ పైట వేస్తారని, మా అవ్వ మాత్రం వేయదని.

1984లో మన కళాశాల వార్షికోత్సవంలో నాకు వ్యాసరచనలో బహుమతి వచ్చింది. అవ్వ వస్తానన్నది. ముందు రోజే బస్సెక్కి వచ్చి మా చుట్టాల ఇంట్లో దిగింది. నేను తీసుకుపోవడానికి వెళ్ళేసరికి పెట్టె అడుగు నుంచి తీసిన చీర కట్టుకొని సిద్ధంగా ఉన్నది. కుడి భుజం మీద పైట.

నేను అన్నాను: "అవ్వా, జెర పైట ఈ పక్కకు వేసుకో. అందరూ గట్లనే వేస్తరు."

ఆమె నా మొహం కేసి చూసింది. "ఎందుకు కొడుకా?" అని కూడా అడగలేదు. లోపలికి పోయింది. పైట భుజం మారడమంటే కండువా మార్చినట్టు కాదు. చీర చుట్టే దిక్కే మారాలి. మొత్తం విప్పి, మళ్ళీ మొదటి నుంచి కట్టాలి. చాలాసేపటికి బయటికి వచ్చింది. ఎడమ భుజం మీద పైట.

ఆ సాయంత్రమంతా పైట జారుతూనే ఉన్నది. ఆమె సర్దుకుంటూనే ఉన్నది. నా పేరు పిలిచినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. స్టేజీ మీద నుంచి చూశాను. అవ్వ చప్పట్లు కొట్టడం లేదు. ఒక చేత్తో పైట పట్టుకొని ఉన్నది. తరువాత ఫలహారాల పళ్ళెం ఇస్తే, అదీ సరిగా పట్టుకోలేకపోయింది.

మరునాడు బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. పైట మళ్ళీ కుడి భుజం మీద ఉన్నది. నడకలో మళ్ళీ ఆమె నడక ఉన్నది. అప్పుడు నా కుడి చేతి గడియారం చూసుకున్నాను, బస్సు వేళ అయిందా అని. చూసిన చెయ్యి చూసినట్టే ఉండిపోయింది. "ఇద్దరిదీ ఒకటే సూత్రం" అని మిత్రునికి పాఠం చెప్పినవాణ్ణి నేనే గదా! నా మణికట్టుకు అడిగిన న్యాయం అవ్వ భుజానికి ఇవ్వలేకపోయాను. దాపట ఎద్దును తెచ్చి ఎలపట కట్టాను.

చాలా ఏండ్ల తరువాత, ఉద్యోగం వచ్చి, పెండ్లయి, బుద్ధి కొంచెం వచ్చినాక అడిగాను: "అవ్వా, నువ్వు కుడిపైట ఎందుకు వేస్తవే?" ఏదో పెద్ద కారణం చెప్తుందని ఆశ. ఆమె నవ్వి, "మా అవ్వ గట్ల నేర్పింది బిడ్డా. భుజం ఏదైతేంది, పైట నిలవాలె, చెయ్యి ఆడాలె" అన్నది. ఆనాటి సంగతి ఎత్తి "తప్పయింది" అన్నాను. "నువ్వు పిల్లగానివి, సిగ్గుపడ్డవు. నాకు చప్పట్లు కొట్టరాలేదనే బాధ" అన్నది. ఆమె ఇప్పుడు లేదు. ఆ మాట ఉన్నది.

పుస్తకాల్లో నేను వెతికి వెతికి తెలుసుకున్న సూత్రం ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. చెయ్యి ఆడాలె. గడియారం ఎడమకు వచ్చింది అందుకే, సైనికుడు జేబులోంచి మణికట్టు మీదికి మార్చింది అందుకే. ఆచారం పుట్టేది చెయ్యి ఆడడానికి. ఇంకొకరి చెయ్యి కట్టివేయడానికి దాన్ని వాడితే అది తప్పుదారి పట్టినట్టే.

చివరగా ఒక అభ్యాసం

మా మండలంలోని పూనుగొండ్ల నుంచి రెండేండ్లకొకసారి మాఘమాసంలో పగిడిద్దరాజును కోయ పూజారులు కాలినడకన మేడారం జాతరకు తీసుకుపోతారు. అక్కడ సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర నిలబడి చూడండి. మన తెలంగాణ పల్లెలవారు, ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చినవారు, లక్షలమంది స్త్రీలు బెల్లం ఎత్తుకొని నడుస్తుంటారు. ఎడమ పైట, కుడి పైట, భుజాన ముడి, వెనుక గోసి, అన్ని కట్లూ కనిపిస్తాయి. తల్లి గద్దె ముందు ఎవరినీ ఎవరూ "ఏ పక్క?" అని అడగరు.

విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. మీ నాయనమ్మ పైట ఏ భుజానికి వేస్తుంది, మీ తాత గొంగడి ఏ భుజాన వేసుకుంటాడు, కల్లుగీసే మామ కత్తి ఏ పక్క దోపుతాడు, మీ దర్జీ కాజాలు ఏ అంచుకు తీస్తాడు, అడిగి రాసుకోండి. ఎందుకు అని కూడా అడగండి. సగంమంది "గదంతే" అంటారు. అదీ రాసుకోండి. చరిత్ర పుస్తకాల్లో రాజుల ముడులు దొరుకుతాయి గాని, మన అవ్వల ముడులు దొరకవు. అవి మనమే రాసుకోవాలి. కుడిపైట వేసేవారు మా ఊళ్ళో ఏటేటా తగ్గిపోతున్నారు.

ఇక, వార్షికోత్సవానికి మీ అవ్వను తప్పక పిలవండి. ఆమె ఎట్లా వస్తే అట్లా రానివ్వండి. చప్పట్లు కొట్టడానికి ఆమెకు రెండు చేతులూ కావాలి.